పద్నాలుగో బండి ఆయిలు

పెర్త్ ల్యాబు నుంచి వచ్చిన కాగితాన్ని నెవిల్ మూడుసార్లు చదివాడు. మొదటిసారి కళ్లజోడు లేకుండా, రెండోసారి పెట్టుకుని, మూడోసారి ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అన్న ఆశతో. దొరకలేదు. పద్నాలుగో నెంబరు బండి ఇంజనాయిల్లో డీజిలు ఏడు శాతం. మసి విపరీతం. ఇనుము కిందటిసారికి రెట్టింపు.

పడమటి ఆస్ట్రేలియాలో లియొనోరా ఊరి అవతలి ఆ బంగారు గనిలో నెవిల్ ఇరవయ్యారేళ్లుగా మెకానిక్కు. రాయి మోసే అక్కడి బండ్లు మేడంత ఎత్తు; రెండొందల యాభై గంటలు నడిచాక ప్రతి బండీ షెడ్డుకొస్తుంది. ఇంజను వేడి మీదుండగానే ఆయిలు చిన్న సీసాలోకి పట్టి, చీటీ అంటించి ల్యాబుకు పంపాలి. అందులో ఏ లోహం ఎంత కలిసిందో వాళ్లు చెబుతారు. దాన్ని బట్టి లోపల ఏది అరుగుతోందో, ఎవరు బండిని ఎలా తోలుతున్నారో నెవిల్ చెబుతాడు. అతని మాటకు ఆ గనిలో ఎదురు లేదు. కొంప ముంచింది అదే.

మూడు నెలల కిందట ఈ బండి ఆయిలు చెడటం మొదలైనప్పుడు దానికి ఇద్దరు డ్రైవర్లు. పగలు క్లారీ, రాత్రి లూపే. క్లారీకి అరవై నాలుగేళ్లు. నిద్రపోయే పసిపిల్లను ఎత్తుకున్నట్టు నెమ్మదిగా తోలతాడు. టోంగా నుంచి వచ్చిన లూపే అలా కాదు. గోతిలోంచి నూరు టన్నుల రాయితో పైకి వస్తుంటే ఆ రొద క్యాంపులో పడుకున్నవాళ్లకు కూడా వినిపించేది. ఇంజను ఆపిన ప్రతిసారీ నియమం ప్రకారం దిగి, టార్చిలైటుతో చుట్టూ తిరిగి చూశాక గానీ మళ్లీ స్టార్టు చేసేది కాదు. ఈ రెండో సంగతి ఎవరికీ గుర్తుండలేదు. రొద మాత్రం అందరికీ గుర్తుంది.

తప్పెవరిదని మేనేజరు బ్రాన్విన్ అడిగితే నెవిల్ టీ కప్పు కూడా కింద పెట్టకుండా, ఆ పిల్ల కాలు బరువని, యాక్సిలరేటర్ అదిమి తొక్కుతుందని చెప్పేశాడు. ఆ ఒక్క మాటతో లూపేను రోడ్ల మీద నీళ్లు చల్లే బండికి మార్చారు. పద్నాలుగో బండికి రాత్రి డ్రైవర్ని మళ్లీ పెట్టలేదు. వెళ్లేముందు ఆమె షెడ్డుకొచ్చి ఒక్క మాటే అడిగింది.

“తొక్కకపోతే అంత బరువు ఎలా ఎక్కుద్ది అంకుల్? బతిమాలితే ఎక్కుద్దా?”

నెవిల్ నవ్వి తన పనిలో పడ్డాడు. ఎల్లుండి శుక్రవారంతో ఆమె కాంట్రాక్టు అయిపోతుంది. ఇంజన్లు పాడుచేస్తుందని ఫైల్లో రాసుంది కాబట్టి కొనసాగించనని బ్రాన్విన్ తేల్చేసింది. ఆ ఫైలు చూశాక ఇంకో గనివాళ్లు కూడా ఆమెను గుమ్మం ఎక్కనివ్వరు.

లూపే దిగిపోయాక ఆయిలు బాగుపడాలి కదా. ఇంకా చెడింది. నెవిల్ డీజిలు చిమ్మే నాజిళ్లు మార్చి చూశాడు, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఇంజను తనంతట తాను రాసుకునే లెక్క తీశాడు. పన్నెండు గంటల షిఫ్టులో ఏడు గంటలు బండి కదలకుండా, ఇంజను ఊరికే తిరుగుతూ ఉంది.

అప్పుడు అర్థమైంది. ఊరికే తిరిగే ఇంజను సరిగా వేడెక్కదు. డీజిలు పూర్తిగా మండక సిలిండరు గోడల వెంట జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు పలచబడితే ఇనుము ఇనుమును తినేస్తుంది. పగలంతా క్లారీ కలిపిన డీజిలును రాత్రి లూపే ఆ ఎత్తు మీద ఇంజనును మరిగించి ఆవిరి చేసేది. బండి అన్నాళ్లు బతికింది ఆ కాలి బరువు వల్లే.

నెవిల్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది. క్లారీ అతనికి ఇరవయ్యారేళ్ల స్నేహితుడు, ఒకే బల్ల మీద తిన్నవాడు. పెన్షనుకు ఇంకా మూడేళ్లుంది. అయినా కూర్చుని నాలుగు వాక్యాలు టైపు చేశాడు. మొదటిది, మూడు నెలల కిందట నేను చెప్పింది తప్పు. బ్రాన్విన్‌కు పంపేసి జీపెక్కాడు.

భోజనాల వేళ. మిగతా డ్రైవర్లందరూ రేకుల షెడ్డు నీడలో తింటున్నారు. పద్నాలుగో బండి దూరంగా గుర్రుమంటూ నిలబడి ఉంది. నెవిల్ నిచ్చెన మెట్లెక్కి పైకి చేరేసరికి రొప్పుతున్నాడు. క్లారీ చల్లని క్యాబిన్లో ఒళ్లో కాగితం పరుచుకుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు.

“ఇంత ఎండలో ఇంత పైకెక్కావంటే మంచి కబురు కాదులే,” అన్నాడు. “ఆయిలేనా?”

“ఆయిలే. ఆ పిల్ల తప్పేం లేదురా. నువ్వు ఇంజను ఆపకపోవడం వల్లే ఇదంతా. బ్రాన్విన్‌కి రాసి పంపేశాను.”

“పంపేశాక చెప్తున్నావా?”

“ముందే చెప్తే నువ్వు వద్దంటావు. నేను ఆగిపోతాను.”

క్లారీ తినడం మానేశాడు. కాగితం మడిచి పక్కన పెట్టాడు. కోపం వస్తుందని నెవిల్ ఎదురుచూశాడు. రాలేదు.

“భోజనానికైనా ఆపచ్చు కదరా,” అన్నాడు నెవిల్.

క్లారీ చెయ్యి చాచి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ఏసీ ఆగింది. నిమిషంలోనే ఎండ లోపలికి వచ్చి కూర్చుంది.

“ఆపాను. ఇప్పుడు మళ్లీ స్టార్టు చెయ్యాలంటే ఏం చెయ్యాలో చెప్పు.”

“తెలీదా ఏంటి? కిందికి దిగి, చుట్టూ తిరిగి చూసి, మళ్లీ పైకె...”

క్లారీ ప్యాంటు పైకి లాగి కుడి మోకాలు చూపించాడు. కొబ్బరికాయంత వాచి ఉంది.

“పొద్దున ఓసారి ఎక్కుతాను, సాయంత్రం ఓసారి దిగుతాను. మధ్యలో ఇంకోసారంటే నా వల్ల కాదురా. ఏడాదిగా నొప్పే, ఈ నాలుగు నెలలుగా మరీ ఇలా.”

సీటు వెనక వెడల్పు మూతి సీసా ఒకటి ఉంది. దాన్ని నెవిల్ సర్వీసుకొచ్చినప్పుడల్లా చూశాడు. ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఒంటేలుకు కూడా దిగలేకేనని ఇప్పుడు తెలిసింది. ఆయిల్లో చిటికెడు ఇనుమును పసిగట్టినవాడు, రోజూ రాత్రి క్యాంపులో ఎదురుగా కూర్చుని తినేవాడి కాలును చూడలేదు.

“దిగుదాం పద,” అన్నాడు.

ముందు నెవిల్ దిగి, కింద నుంచి క్లారీ బూటు పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టసాగాడు. ఇద్దరికీ ఆయాసమే. ఈలోగా నీళ్ల బండి వచ్చి పక్కన ఆగింది. లూపే దిగి, అలవాటు ప్రకారం చుట్టూ తిరగబోయి, వీళ్లను చూసి ఇటు వచ్చింది.

“లూపే, నీ గురించి నేను చెప్పింది తప్పమ్మా,” అన్నాడు నెవిల్, బూటు వదలకుండానే. “ఇవాళ రాసి పంపాను.”

లూపే గ్లౌజులు తీసి జేబులో పెట్టుకుని, నెవిల్ పక్కగా నిచ్చెన ఎక్కి క్లారీ బరువును భుజం మీదకు తీసుకుంది.

“అది తర్వాత మాట్లాడదాం అంకుల్. ముందు ఈయన్ని దించండి.”

ఇంకా ఆరు మెట్లున్నాయి.