ఎవరి కరెంటూ అక్కర్లేని ఇంజను

కొండల్ బావిలో నీళ్ళు పడ్డాయి. సంబరమనుకునేరు, సగం తవ్విన బావిలో నీళ్ళు పడితే అంతకన్నా తలనొప్పి లేదు. తోడిపోస్తే తప్ప గడ్డపార దిగదు. బొక్కెనలతో తోడితే తెల్లారేసరికి మళ్ళీ ఊరి కూర్చుంటాయి. అడుగున బండ పగిలితేనే ఎండాకాలం నిలిచే ఊట దొరుకుతుంది మరి.

జఫర్‌గఢ్ పొలాలకు అప్పటికే కరెంటు వచ్చింది గాని కొండల్ చెలకదాకా రాలేదు. రెండు చెలకల నడుమ గెట్టు, దాని అవతల అతని పెదనాన్న కొడుకు మధుకర్ బావి మీద మాత్రం కరెంటు మోటరు ఉంది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పక్కపక్కన నిలబడి లాఠీదెబ్బలు తిన్న అన్నదమ్ములు వాళ్ళు. ఆ తర్వాత జానెడు గెట్టు కాడ కొట్టుకొని మాటలు మానేశారు. జానెడంటే జానెడే. తప్పనిసరై ఏదన్నా చెప్పుకోవాల్సి వస్తే నడుమ ఒక మూడో మనిషిని నిలబెట్టుకునేవాళ్ళు.

ఆ రోజు ఆ మూడో మనిషి సాయిలు, బావి తవ్వే కూలి.

"సాయిలూ, మా మోటరు ఖాళీగనే ఉన్నది. వైరు గుంజుకొని నడుపుకొమ్మను," అన్నాడు మధుకర్, ఎదురుగా ఉన్న తమ్ముడి వంక చూడకుండా.

"ఎవ్వని కరెంటు మనకు అక్కర్లేదని చెప్పు సాయిలూ," అన్నాడు కొండల్.

ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినబడ్డాయి. సాయిలు మళ్ళీ బొక్కెన అందుకున్నాడు.

కొండల్ జనగామ పోయి డీజిల్ ఇంజను కిరాయికి తెచ్చాడు. ఒడ్డున పెట్టి తిప్పితే అంత లోతు నీళ్ళు దానికి అందలేదు. అప్పుడైనా అన్నను అడగొచ్చు. అడిగితే కొండల్ ఎట్లా అవుతాడు? బావి గోడకు నడుమ మెట్టులా వదిలిన దరి మీదికి తాళ్ళతో ఇంజన్నే దింపించాడు. నీళ్ళు భళ్ళున పైకి దుంకాయి. ఆ మోత గెట్టు దాటి పోవడం చూసుకొని మురిసిపోయాడు గాని, పొగ ఎటు పోతుందో చూసుకోలేదు.

ఇంజను ఆపితే నీళ్ళు మళ్ళీ ఊరతాయని, అది నడుస్తుండగానే సాయిలు అడుక్కి దిగాడు. కాసేపు మోతలో గడ్డపార చప్పుడు కలిసి వినబడింది, తర్వాత వినబడలేదు. కొండల్ ఎంత పిలిచినా పలుకు లేదు. తాడు పట్టుకొని తనే సగందాకా దిగాడు. కళ్ళు తిరిగి జారిపోతుంటే మిగతా కూలీలు పైకి లాగారు. ఆ పొగలో ఇంజను ఆపడానికి ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. డీజిల్ అయిపోయేదాకా అది నడిచి నడిచి ఆగింది. అది ఆగాక నీళ్ళు ఊరి సాయిలును కప్పేశాయి.

శవం తీయాలంటే మళ్ళీ నీళ్ళు తోడాలి. పొగ పోయేదాకా ఆగి మధుకర్ పొగ రాని తన కరెంటు మోటరు తెచ్చాడు. నడుమ నిలబెట్టుకోవడానికి మూడో మనిషి లేడు.

"జరుగు," అన్నాడు తమ్ముడితో.

ఇన్నేళ్ళకు వాళ్ళు నేరుగా మాట్లాడుకున్న మాట అది. కొండల్ జరిగాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది గాని, చచ్చింది తను కాదు.

సాయిలు భార్య ఎల్లక్క ఒడ్డున పడుకోబెట్టిన మొగుణ్ణి చూసింది. గెట్టు మీదుగా వచ్చిన వైరును చూసింది. అది ఎవరిదని కూలీలను అడిగి తెలుసుకొని, కొండల్ ముందుకొచ్చి నిలబడింది.

"గింత దగ్గర్నే ఉన్నదా పటేలా గా మోటరు? అడగనీకి నీకు నామోషి అయితే నాకొక్క మాట చెప్పకపోతివి. నేను పోయి అడుగుదును గద. ఒకల ముందట చెయ్యి చాపుడు మాకేమన్న కొత్తనా?"