రెండో నడక

మధ్యాహ్నం రెండున్నరకు మా తోటికోడలు భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. నాలుగింటికల్లా తప్పు దొరక్కపోతే ఆమె తొమ్మిది నెలల పనిని సాఫ్ట్‌వేర్ కొత్త విడుదలలోంచి తీసేస్తామని ఆమె పైఅధికారి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. మాటకో టైం చెబుతాడని ఆయనకు మేమిద్దరం గడియారం అని పేరు పెట్టుకున్నాం.

ఆమె పని కంపైలర్ మీద. మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగేలా మార్చిపెట్టేది అది. మార్చే ముందు ప్రోగ్రామును పెట్టెలుగా, పెట్టెల మధ్య దారులుగా ఒక పటంలా గీసుకుంటుంది. దాన్నే గ్రాఫ్ అంటారు. ఆ పటంలో ఒక్కో పెట్టెనూ వరసగా అందిస్తూ పోయే కోడ్ ముక్క ఇటరేటర్. వాళ్ల దగ్గర పటాలు ఎనిమిది రకాలు, ఇటరేటర్లూ ఎనిమిది. ఒకదాంట్లో తప్పు దిద్దితే అదే తప్పు మిగతా ఏడింట్లో హాయిగా కాపురం చేస్తుండేది. మా తోటికోడలు ఆ ఎనిమిదింటినీ పీకేసి, ఏ పటానికైనా సరిపోయే ఒక్కదాన్ని రాసింది. ఎక్కడ మొదలవ్వాలో, ఏ పెట్టె పక్కన ఏముందో చెబితే చాలు, మొత్తం తిరిగొస్తుంది. పైగా కంపైలర్ ఐదో వంతు వేగం పుంజుకుందని గడియారం పోయిన నెల మీటింగులో ఆమెకు చప్పట్లు కొట్టించాడు.

ఇవాళ పొద్దున ఒక టెస్ట్ ప్రోగ్రాం పన్నెండు అనాల్సిన చోట సున్నా అంది.

“అక్కా, కాసేపు పక్కన కూర్చో. నేను పైకి చదువుతాను, వింటూ ఉండు. అర్థం కాకపోయినా పర్లేదు” అంది.

“అర్థం కాకుండా వినడం నాకు అలవాటేలే. మీ బావగారితో పద్దెనిమిదేళ్ల కాపురం.”

ఆమె నవ్వలేదు. నేను కుర్చీ లాక్కున్నాను.

“ఈ పటాన్ని రెండుసార్లు తిరగాలి. మొదటి నడకలో ఏ విలువకు పేరు మారిందో రాసుకుంటాం. రెండో నడకలో ప్రతి పెట్టెలోకీ వెళ్లి పాత పేరు తీసి కొత్తది పెడతాం.”

“ఎప్పుడూ మారుతుందా పేరు?”

“అరుదు. ఇప్పటిదాకా ఉన్న టెస్టుల్లో మారలేదు. నిన్న కొత్తగా చేర్చినదాంట్లో మారింది. అందుకే ఇది ఒక్కటే ఏడుస్తోంది.”

తెర మీద రెండు అంకెలున్నాయి. మొదటి నడకకు నలభై ఒకటి. రెండోదానికి సున్నా.

“ఇవేంటి?”

“పట్టిన టైం. మిల్లీసెకన్లు.”

“రెండోది సున్నాలో ఎలా అయింది?”

“అదే కదక్కా ఈ ఇటరేటర్ గొప్ప.”

“మీ ఆయన చేతికి చీపురిచ్చి నాలుగు గదులూ ఊడ్చమంటే నిమిషంలో వచ్చి అయిపోయిందంటాడు. దాన్ని వేగమంటావా నువ్వు?”

ఆమె నా వైపు తిరిగింది. మొహంలో రంగు మారింది. గబగబా ఏదో కొట్టింది, రెండో నడకలో ఎన్ని పెట్టెలు చూసిందో లెక్క అడిగింది. జవాబు వచ్చింది. ఒక్కటీ లేదు.

“చచ్చాను” అంది నెమ్మదిగా.

పటంలో తిరిగిన చోటికే తీసుకొచ్చే దారులుంటాయట. చూసిన పెట్టెకల్లా టిక్కు పెట్టుకోకపోతే ఇటరేటర్ అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. ఆ టిక్కుల జాబితాను బయటి నుంచి ఇచ్చే ఏర్పాటు ఈమే చేసింది, మెమరీ ఆదా అవుతుందని. ఆ ఆదా మోజులో రెండు నడకలకూ ఒకే జాబితా ఇచ్చింది. రెండో నడక బయల్దేరేసరికి అన్నింటికీ టిక్కులున్నాయి. అంతా చూసేశాననుకుని గడప దగ్గరినుంచే తిరిగొచ్చింది.

మూడూ పది. రెండో నడకకు వేరే ఖాళీ జాబితా ఇచ్చింది. టిక్కులున్న జాబితా ఇస్తే అసలు కదలనని మొరాయించేలా ఇటరేటర్లోనే రెండు లైన్లు రాసింది. రాసిందో లేదో అది ఇంకోచోట మొరాయించింది. అక్కడా ఇదే నిర్వాకం. దాన్నీ సరిచేసి టెస్టులన్నీ మొదలుపెట్టింది. పచ్చ గీత ఒక చివరనుంచి పాక్కుంటూ వస్తోంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. ఎనభై శాతం దగ్గర ఆగినట్టనిపించి ఆమె నా మణికట్టు పట్టుకుంది.

మూడూ నలభైకి అన్నీ పాసయ్యాయి. పొద్దున సున్నా అన్న టెస్ట్ ఇప్పుడు పన్నెండే అంది.

కానీ ఆమె కుర్చీలోంచి లేవలేదు. వేగం కొలిచింది. పాత కంపైలర్ ఎంతో ఇదీ అంతే.

“ఐదో వంతు పోయింది” అంది. “పని ఎగ్గొట్టినందుకు వచ్చిన వేగం అక్కా అది. వేగమే లేకపోతే ఆయన దీన్ని ఉండనివ్వడు.”

“చెప్పకపోతే?”

“మళ్లీ కొలిచేది వచ్చే నెల. అప్పటికి విడుదలైపోతుంది.”

అడిగినందుకు నాకే సిగ్గేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. అంతలో ఫోన్ మోగింది. ఆమె స్పీకర్ నొక్కింది.

“దొరికిందా? మూడూ నలభై ఏడు.”

“దొరికింది సార్. టెస్టులన్నీ పాస్.”

“శభాష్! అయితే విడుదలలో పెట్టేస్తున్నా.”

“ఒక్క నిమిషం సార్.” గొంతు సవరించుకుంది. “వేగం ఏమీ లేదు. రెండో నడక జరగకపోవడం వల్ల అలా కనిపించింది.”



“అంటే నేను అందరిచేతా చప్పట్లు కొట్టించింది...”

“పని చెయ్యనందుకు సార్.”

నేను వంటింటి వైపు మొహం తిప్పుకున్నాను.

“మరి మీది దేనికండీ? పాతవి పెట్టుకుంటే పోలా?”

“ఇలాంటి తప్పు ఇక జరక్కుండా ఇందాక రెండు లైన్లు రాశాను సార్. ఒక్కచోట. రాయగానే నాకు తెలియని ఇంకో తప్పును పట్టిచ్చాయి. పాతవాటిలో అయితే ఎనిమిది చోట్ల రాయాలి, ఎవరో ఒకరు ఒకచోట మర్చిపోతారు. నేను దీన్ని మొదలుపెట్టింది అందుకే. చప్పట్లు విని నేనూ మర్చిపోయాను.”

ఆమె పెదవి కొరుక్కుంటోంది.

“ఉండనివ్వండి” అన్నాడాయన. “కానీ విడుదల నోట్‌లో నిజం మీరే రాయాలి. మీ పేరుతో.”

ఫోన్ పెట్టేశాక ఆమె టైప్ చేసింది: “ఇంతకుముందు ప్రకటించిన వేగం, రెండో నడక కొన్ని పెట్టెలను చూడకపోవడం వల్ల వచ్చింది.” కింద తన పేరు పెట్టింది. పంపబోయి ఆగింది. “కొన్ని పెట్టెలను” కొట్టేసి “ఒక్క పెట్టెనూ” అని మార్చి, అప్పుడు పంపింది.