తడిగుడ్డ కింది ముఖం

సన్యాసిరాజు పోయిన రోజు మట్టితల ఎండిపోకుండా దాని మీది గుడ్డ తడపడానికి మనిషి లేదు. ఆ పని పైడితల్లిది. ఆమె ఆసుపత్రి వరండాలో భర్త శవం కోసం కూర్చుని ఉంది. ఆ మట్టితల కూడా అతనిదే.

పెద్దకర్మ ముగిశాక మళ్ళీ పనిలోకి వచ్చింది. భీమునిపట్నం దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ స్టూడియోకు శిల్పులు వస్తారు. కొన్ని నెలలుండి పనిచేసుకుని వెళ్తారు. వాళ్ళకు మట్టి తొక్కి ఇవ్వడం పైడితల్లి పని. వాళ్ళు వెళ్ళేటప్పుడు, పోతపోయకుండా మిగిలిన బొమ్మలను తీగతో కోసి తొట్టిలో నానబెట్టడమూ ఆమె పనే. ఎన్ని ముక్కులు, ఎన్ని గడ్డాలు ఆమె మడమల కింద మెత్తబడ్డాయో. అవి ఎవరివని ఏనాడూ అడగలేదు.

ఈసారి వచ్చిన శిల్పి గుణశేఖర్. సాయంత్రాలు భార్యను తీసుకెళ్ళడానికి వచ్చే సన్యాసిరాజును చూసి, బొమ్మ చేస్తాను కూర్చోమన్నాడు. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా చేసి మానేసిన మనిషి. నిండు బుగ్గలు. నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. స్టూలు మీద కదలకుండా కూర్చుని, పెళ్ళాన్ని ఆటపట్టించేవాడు.

"ఇంటికాడ ఇలాగే కూకుంటే తిడతావు. ఇక్కడ సూడు, బొమ్మ సేత్తన్నారు."

తల పూర్తవగానే ప్లాస్టర్‌లో పోతపోయించి ఒకటి వాళ్ళకిస్తానని గుణశేఖర్ మాటిచ్చాడు. కర్మలు జరిగినన్నాళ్ళూ పైడితల్లి ఆ మాటనే పట్టుకుని ఉంది. ఇంట్లో టీవీ పక్కన చోటు కూడా ఖాళీ చేసింది.

వచ్చీ రాగానే గుడ్డ తీసింది. ఆమె లేని రోజుల్లో గుణశేఖర్ ముఖం మార్చేశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నోరు తెరుచుకుని ఉంది. నుదుటి మీద లోతైన చారలు. ఆకలితో చచ్చిన ఎవరిదో ముఖం.

ఆ మధ్యాహ్నమే స్టూడియో చూడడానికి విశాఖ నుంచి కార్లలో జనం వచ్చారు. తల చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. పైడితల్లి టీ కప్పులు అందించింది. ఈమె ఆయన భార్యేనని గుణశేఖర్ చెప్పగానే, తల పక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు.

జనం తగ్గాక ఆమె అతని దగ్గరకు వెళ్ళింది.

"బాబూ, ఇది మా ఆయిన కాదు."

"అచ్చం ఆయనలాగే ఉండక్కర్లేదమ్మా. ఆయన పడ్డ బాధ కనిపించాలి కదా."

"బాదలు పడ్డాడు బాబూ. మొకానికి ఎక్కనీలేదు."

మొదటి ముఖం మళ్ళీ చెయ్యగలరా అని అడిగింది. తన గడువు అయిపోయిందని, రైలుకు వేళవుతోందని అతనన్నాడు. పోతపోసేవాళ్ళు పొద్దున్నే వస్తారని, అంతవరకూ గుడ్డ ఆరనివ్వొద్దని చెప్పాడు. మాటిచ్చినట్టే ఆమెకూ ఒకటి అందుతుందన్నాడు. భుజం తట్టి వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకు స్టూడియో ఖాళీ అయింది. పైడితల్లి తీగ అందుకుంది. రేపటి నుంచి తనకు ఇక్కడ పని ఉండదని ఆమెకు తెలుసు. గడ్డం దగ్గర మొదలుపెట్టి నోరు, బుగ్గలు, నుదురు ఒక్కొక్కటే కోసి తొట్టిలో వేసింది. నీళ్ళు పోసింది. చీర ఎగదోపి అందులోకి దిగి, నోరన్నది మిగలకుండా తొక్కింది.

ఎడమ చెవి మీద మాత్రం గుణశేఖర్ మళ్ళీ చెయ్యి పెట్టలేదు. అది సన్యాసిరాజుదే. బల్ల మీద ఉంది. దాన్ని ఇంకా తొట్టిలో వేయలేదు.