రేవు రంగి చెంప మీద ఏడు మచ్చలు

నేను ఒక మొహాన్ని. మొహం తప్ప నాకింకేమీ లేదు. అరచెయ్యంత జింకు రేకు, దాన్ని మేకులతో బిగించిన చెక్క దిమ్మ, అంతే నా ఒళ్ళు. అచ్చుపనివాళ్ళు నన్ను బ్లాకు అంటారు. సిరా పూసి కాగితం మీద అదిమితే ఒక పడవపిల్ల మొహం పడుతుంది. పెద్ద కళ్ళు, ముడిలోంచి జారిన జుట్టు, భుజం మీద తెడ్డు, కుడి చెంప మీద ఏడు మచ్చలు. ఆ పిల్ల పేరు రేవు రంగి. మీకు తెలిసే ఉంటుంది. సినిమాలో చూసుంటారు, టీవీలో చూసుంటారు, ఫోన్లో బొటనవేలితో పరిగెత్తించి ఉంటారు. వాటిలో ఎక్కడా ఆ మచ్చలుండవు. నా బాధంతా అదే.

కూర్చోబెడితే కూర్చునే రకాన్ని కాను నేను. సిరా వాసన తగిలితే చాలు, ఒళ్ళు జివ్వుమంటుంది. అలాంటిదాన్ని యాభై ఏళ్ళు ఎండబెట్టారు. తాపీగా చెప్పమంటే నా వల్ల కాదు. నేను చెప్పినంత వేగంగా మీరూ వినండి.

అరవయ్యారో సంవత్సరం. బందరులో ఆడపిల్లల బడికి మాణిక్యాంబ అని డ్రాయింగు టీచరు ఉండేది. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం, పంతం మాత్రం ఇంత లావు. బెజవాడ నుంచి వచ్చే 'పిచ్చుక' అనే పిల్లల వారపత్రికకి బొమ్మల కథ వేసిపెట్టమని దాని యజమాని రాయుడు గారు ఆమెని అడిగాడు. అప్పటిదాకా ఆ పత్రిక నిండా రాజకుమార్తెలే. ఎవరో ఒకడు గుర్రమెక్కి వస్తే తప్ప చెరలోంచి కదలరు. మాణిక్యాంబ వాళ్ళందరినీ పక్కన పెట్టి, కృష్ణ రేవులో పడవ నడిపే పిల్లని వేసింది. దొంగలొస్తే రంగి తెడ్డు పుచ్చుకు తరుముతుంది. వరదొస్తే లంకలో జనాన్నంతా ఒడ్డుకి చేరుస్తుంది. ఇక మొహమంటారా, దానికోసం ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంట్లో ఉన్న అక్క శేషారత్నం మొహాన్నే దించింది.

శేషారత్నానికి తొమ్మిదో ఏట అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది, మచ్చలు మిగిలాయి. ఆనాటి నుంచి పైట చెంగు మొహం మీదికి లాక్కోకుండా ఆవిడ గడప దాటింది లేదు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల వాళ్ళకి జాకెట్లు కుట్టేది. ఆది జాకెట్టు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోవాలి, లోపలికి రాకూడదు. ఫోటో మాటెత్తితే ఆ పూట అన్నం మానేసేది. అలాంటి అక్కని మాణిక్యాంబ రంగిని చేసి, చెంప మీద ఏడు చుక్కలు పెట్టింది. అక్క మొహాన అంతకంటే చాలా ఉన్నాయి. ఏడు చాలనుకుంది.

ఆ బొమ్మ బెజవాడ గవర్నర్‌పేటలో బ్లాకుల షాపుకి వచ్చింది. అక్కడ పనివాడు కోటాచారి. తాతముత్తాతలది బంగారప్పని, ఈయనది జింకు పని. ఆసిడ్ తిన్నాక రేకు మీద గీతలు మాత్రమే ఎత్తుగా నిలుస్తాయి, మిగతాదంతా లోతుకి పోతుంది. ఎక్కడైనా దుమ్ము పడి ఉంటే అక్కడా ఒక చిన్న గింజ లేస్తుంది, అచ్చులో నల్లచుక్కై కూర్చుంటుంది. అలాంటి గింజ కంటపడితే కోటాచారికి చెయ్యి ఊరుకోదు. భూతద్దం పెట్టుకుని సన్నటి ఉలితో ఒక్కొక్కటీ చెక్కి పారేస్తాడు. పని తెలిసిన ప్రతి బ్లాకువాడికీ ఉండే అలవాటే అది. రంగి చెంప మీద ఏడు గింజలు కనిపించాయి. ఏడూ చెక్కేశాడు. పైగా పని బాగా కుదిరిందని ఆవేళంతా మురిసిపోయాడు.

అలా పుట్టింది నాకంటే ముందు బ్లాకు. నున్నటి చెంపలది. నేను దాన్ని అక్క అనే పిలుస్తాను, ప్రేమేం లేకపోయినా.

పత్రిక బందరు చేరిన మర్నాడు పొద్దున మొదటి బస్సుకి మాణిక్యాంబ షాపులో దిగింది. పత్రిక బల్ల మీద పరిచింది.

"ఆచారి గారూ, దీని చెంప మీదవి ఏమయ్యాయండి?"

"దుమ్ము పడిందమ్మా. నేనే తీసేశాను," అన్నాడు కోటాచారి, మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని.

"దుమ్ము కాదండి. మా అక్క."

కోటాచారి చేతిలో ఉలి కింద పెట్టేశాడు. చెక్కిన గింజ మళ్ళీ మొలవదు, కొత్త రేకు పట్టాల్సిందే. "కూర్చో టీచరమ్మా, సాయంత్రం బస్సుకి వెళ్దువుగాని," అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా నన్ను చేశాడు. నా మొదటి ముద్ర ఆమె ఎదుటే తీసి, చెంప మీద వేలు పెట్టి ఒకటి, రెండు అంటూ ఏడు దాకా చూపించాడు. మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంది. నాకైతే ఆ సిరా తగిలిన క్షణం నుంచే కుదురు పోయింది.

ఇక చూడండి నా పరుగు. ప్రతి వారం కథ నెత్తిన నేనుండాలి. మంగళవారం వచ్చిందంటే షాపులో సొరుగు లాగిన చప్పుడుకే ఉలిక్కిపడేదాన్ని. ప్రెస్సులో మిషను మీదికెక్కితే వేల ముద్రలు, ఒళ్ళంతా వెచ్చన. దిగగానే మళ్ళీ ఎప్పుడెక్కిస్తారా అని ఆరాటం. నన్ను పంపేముందు కోటాచారి ఒక్కసారి చెంప తడిమి చూసేవాడు.

బందరు కబుర్లు మాణిక్యాంబే చెప్పేది, వారం వారం కొత్త బొమ్మలు పట్టుకొచ్చినప్పుడు. మచ్చల మొహం అచ్చయిన వారం శేషారత్నం పత్రిక విసిరికొట్టిందట. "నన్ను బజారుకెక్కిస్తావటే మాణిక్యం? ఇంట్లో ఉన్నదాన్ని ఇంట్లో ఉండనివ్వవా?" అని రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు బడిపిల్లలు నలుగురు గుమ్మంలో నిలబడ్డారట. అందరి చెంపల మీదా కాటుకతో ఏడేసి చుక్కలు. రంగి ఆట ఆడుకుంటూ జాకెట్టు కోసం వచ్చారు. ఒక పిల్ల తొంగిచూసి, "అత్తా, నువ్వు పెట్టుకోనక్కర్లేదే, నీకు ఉన్నాయిగా," అందట.

ఆ ముక్క ఏం పని చేసిందో గాని, మరో నెలకి శేషారత్నం చింతపండుకి బజారుకి వెళ్ళింది. పైట భుజం మీదే ఉంది. ఆ మాట మాణిక్యాంబ రెండుసార్లు చెప్పింది. కోటాచారి భూతద్దం తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు. నేను సొరుగులో ఎగిరి గంతేసినంత పని చేశాను. నా ఏడు గింజల కోసం ఒక మనిషి వీధిలోకి వచ్చింది. ఇక వాటికేమీ కాకూడదనుకున్నాను.

మూడేళ్ళకి మద్రాసు నుంచి సినిమావాళ్ళొచ్చారు. నన్నూ, నున్నటి చెంపల మా అక్కనీ రాయుడు గారి బల్ల మీద పెట్టారు. నిర్మాత మా అక్కని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. నన్ను కూడా చూశాడు, బొటనవేలితో చెంప రుద్దాడు.

"ఇది పాడైనట్టుందండి. మచ్చలొచ్చాయి."

"పాడవలేదు. రంగి మొహమే అంత," అంది మూలన కూర్చున్న మాణిక్యాంబ. "ఆ మచ్చలుంటేనే సినిమా తియ్యండి. నేను అడిగేది అదొక్కటే."

"ఉంటాయి లెండి. మేకప్ మనిషి చూసుకుంటాడు," అని ఆయన అక్కని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మేకప్ మనిషి నిజంగానే చూసుకున్నాడు. తెర మీద రంగి వెన్న రాసినట్టుంది. వరదలో దూకి తేలినా కాటుక చెదరలేదు. తెడ్డు పట్టుకోవడం రాదు గాని, తెడ్డు పట్టుకుని పాట పాడటం వచ్చు. జనం విరగబడి చూశారు. బందరులో అక్కాచెల్లెళ్ళు కూడా వెళ్ళారు. శేషారత్నం కొత్త చీర కట్టుకుందట, పువ్వులు పెట్టుకుందట. సగం సినిమా అయ్యేసరికి లేచింది.

"అది నేను కాదులేవే. పద, ఇంటికి పోదాం," అంది.

హాలు బయట జనంలోకి వచ్చేసరికి పైట చెంగు మళ్ళీ మొహం మీదికి వెళ్ళింది. ఇక దిగలేదు.

పత్రికకి ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. మచ్చల రంగి వద్దు, సినిమా రంగి కావాలని. రాయుడు గారు మాణిక్యాంబని పిలిపించి, "ఏడు చుక్కలేగదమ్మా, తీసేద్దురూ," అన్నాడు. "తీసేస్తే వెయ్యడానికి నాకు రంగి మిగలదండి," అని ఆమె కుంచె కడిగేసుకుంది. ఆ తర్వాత ఇంకెవరో వేశారు. మద్రాసు నుంచి తిరిగొచ్చిన మా అక్క కథ నెత్తిన కూర్చుంది. నేను సొరుగులో పడ్డాను. ప్రతి మంగళవారం ఆ సొరుగు తెరుచుకునేది, చెయ్యి నా పక్కనుంచి వెళ్ళిపోయేది. ఎంత ఏడుపొచ్చిందో మీకు చెప్పలేను.

కొన్నేళ్ళకి పత్రిక మూతపడింది. బ్లాకులక్కర్లేని ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చి బ్లాకుల షాపూ మూతపడింది. కోటాచారి సామానంతా పాత ఇనుముకి వేసి, నన్నొక్కదాన్నే జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. "దీన్ని పారెయ్యకమ్మా, దీని ఉసురు నాకొద్దు," అని కోడలికి చెప్పాడు. కోడలు మంచి మనిషి, మామగారి మాట తీసెయ్యలేదు. టీవీ బల్లకి ఒక కాలు పొట్టిగా ఉంటే నన్ను దానికింద పెట్టింది. కోటాచారి పోయాక కూడా అక్కడే ఉన్నాను.

అలా రంగి రాకపోకలన్నీ నా నెత్తి మీదుగానే జరిగాయి. సీరియల్లో రంగి వెయ్యి భాగాలు ఏడ్చింది. రేవుకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు, అత్తగారి వంటింట్లోనే ఉంది. పిల్లల కార్టూన్లో దానికి మాట్లాడే మొసలిని తోడిచ్చారు. తర్వాత ఫోన్లోకి దూరింది, అక్కడ పరిగెడుతూనే ఉంటుందట, ఎందుకో దానికే తెలియదు. అందరూ రంగిని నాకు పైన ఆడించారు, నేను కింద బల్ల మోశాను. 'చెంప చూపించండ్రా, చెంప మీద ఏముందో చెప్పండి' అని గింజుకునేదాన్ని. బల్ల మాత్రం కదలకుండా నిలబడింది, కోడలికి అంతే కావాలి.

మొన్న రంగి మీద మళ్ళీ కొత్త సినిమా అన్నారు. హైదరాబాదులో ఒక ప్రదర్శనశాల వాళ్ళు రంగి పాత వస్తువులు పోగుచేస్తున్నారని విని కోడలు నన్ను వాళ్ళకిచ్చేసింది, బల్ల కింద అట్టముక్క మడిచి పెట్టుకుని. హిమబిందు అనే అమ్మాయి చేతిలో పడ్డాను. పాత వస్తువులు శుభ్రం చేయడం ఆమె పని. ఎంత జాగ్రత్త మనిషో. దూదితో తుడిచింది, కుంచెతో దులిపింది, యాభై ఏళ్ళ మురికి వదిలించింది. ఆ తర్వాత భూతద్దం పెట్టుకుంది.

నా చెక్క దిమ్మ చల్లబడిపోయింది. ఆ భూతద్దం నాకు తెలుసు. పాత జింకుకి తెల్లటి తుప్పు గింజలు పడతాయి, వాటిని గీకెయ్యాలని ఆమెకి నేర్పారు. సన్నటి కత్తి తీసింది. చెంప మీద అన్నిటికంటే కిందది, ఏడోది, ఒక్క గీకుతో పోయింది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. ప్రదర్శన మర్నాడు మొదలు. మాణిక్యాంబ పోయి ఏడాదైంది, ఆమె తరఫున అక్కగారిని రమ్మని వాళ్ళే కారు పంపారు. ఎనభై ఎనిమిదేళ్ళ శేషారత్నం కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కళ్ళ కింద నుంచి గడ్డం దాకా పైట చెంగు. నేను ఆవిణ్ణి చూడటం అదే మొదలు.

"ఏం చేస్తున్నావమ్మా దాన్ని?"

"తుప్పు గింజలు పట్టాయి అమ్మమ్మా. మొహం శుభ్రం చేస్తున్నా."

"ఎన్ని తీశావు?"

"ఒకటే. ఇంకో ఆరున్నాయి," అని హిమబిందు మళ్ళీ కత్తి ఆనించింది.

ముసలావిడ కదల్లేదు. ఊరుకున్నా ఊరుకోవచ్చు. కారు బయటే ఉంది. ఎవరి మొహమో ఎవరికీ తెలియదు. నేను పడ్డ యాతన నాకే తెలుసు. ఆవిడ చెయ్యి పైకి లేచింది, చెంగు పట్టుకుంది. మెల్లిగా కిందికి దించింది.

"అది తుప్పు కాదమ్మా," అంది. "నేనే."

హిమబిందు ఆవిడ మొహం చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఆవిడ మొహం చూసింది. కత్తి బల్ల మీద పెట్టేసింది. అచ్చం కోటాచారి పెట్టినట్టే.

"తప్పు చేశాను అమ్మమ్మా. మళ్ళీ పెట్టడం కుదరదు దీనికి."

"తెలుసు. మా మాణిక్యం చెప్పింది," అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది శేషారత్నం. "సిరా ఉందా ఇక్కడ? ఒక్కసారి అచ్చు తియ్యి."

రోలరు నా మీద నడిచింది. యాభై ఏళ్ళ తర్వాత సిరా. ఒళ్ళంతా ఝల్లుమంది. కాగితం పరిచి హిమబిందు అదిమింది, ముసలి చెయ్యి కూడా వచ్చి ఆ చెయ్యి మీద పడింది. కాగితం ఎత్తితే రంగి. చెంప మీద ఆరే మచ్చలు. శేషారత్నం కలం అడిగి పుచ్చుకుంది. ఒకప్పుడు ఆ మచ్చల కోసం పత్రిక విసిరికొట్టిన మనిషి, తన చెంప మీద వేలితో ఒక చోటు తడుముకుని, కాగితం మీద ఏడోది పెట్టింది.

"మాణిక్యం అయితే ఇంకా గుండ్రంగా పెట్టేది," అంది.

వెళ్ళేటప్పుడు పైట భుజం మీదే ఉంది. కారెక్కేదాకా అక్కడే ఉందని హిమబిందు ఎవరికో చెబుతుంటే విన్నాను.

ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉన్నాను, పక్కనే ఆ కాగితం. కుదురుగా ఉన్నానని అనుకోకండి. ఇక్కడ సిరా లేదు, పరుగు లేదు, ఒళ్ళు ఇప్పటికీ జివ్వుమంటూనే ఉంటుంది. కొత్త సినిమావాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. వాళ్ళు మచ్చలు పెడతారో, మళ్ళీ మేకప్ మనిషికే వదిలేస్తారో నాకు తెలియదు. చూడటానికి వచ్చినవాళ్ళలో కొందరు వంగి, రంగి చెంప దగ్గర ఆగి, అద్దం మీద ఏదో దుమ్ము పడిందనుకుని చేతిగుడ్డతో తుడుస్తారు. ఒకసారి తుడిచి, కళ్ళు చికిలించి, మళ్ళీ తుడుస్తారు. తుడుచుకోనివ్వండి. అది పోయేది కాదు.