గున్నయ్య కుడిచేయి

ఫిబ్రవరి 11, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు గున్నయ్య డయాలసిస్ ముగించుకుని పలాసలో ఆసుపత్రి గేటు దాటాడు. పూండి దగ్గరున్న తన ఊరికి చేరలేదు.

అతనికి యాభై రెండేళ్లు. ఊళ్లో ఎనభై సెంట్ల జీడితోట ఉంది. రెండేళ్లుగా మంగళవారం, శుక్రవారం మిషను మీద పడుకుంటున్నాడు. వెంట ఎప్పుడూ భార్య సూరమ్మ ఉండేది. ఆ ఒక్కరోజు జీడిపిక్కల ఫ్యాక్టరీలో ఆమెకు సెలవు దొరకలేదు.

బుధవారం సూరమ్మ పోలీసు స్టేషనుకు వెళ్లింది. జబ్బుతో విసిగిపోయి ఎక్కడికో వెళ్లి ఉంటాడని, రైలెక్కుతుండగా చూసినవాళ్లున్నారని ఎస్సై చెప్పాడు. చూసినవాళ్ల పేర్లు చెప్పలేదు. ఫిర్యాదు కాగితం తీసుకున్నాడు, రసీదుకు రేపు రమ్మన్నాడు.

గురువారం ఉదయం ఆమె తనూజ దగ్గరికి వచ్చింది. తనూజ ఒక దినపత్రికకు పలాస విలేకరి. వయసు ఇరవై నాలుగు.

"మిషను వొగ్గీసి ఎక్కడికెల్తాడమ్మా?" అంది సూరమ్మ. "సావాలనుంటే తోటలోనే సచ్చీవోడు. గణపతిరావుకి తోట ఇయ్యనన్నాడు. అందుకే ఎత్తుకుపోనారు."

గణపతిరావు మాజీ సర్పంచి. సముద్రం ఒడ్డున రిసార్టు కట్టాలని ముప్పై ఎకరాలు కొన్నాడు. గున్నయ్య తోట ఆ ముప్పై ఎకరాల మధ్యలో ఉంది. వచ్చే సోమవారం టెక్కలిలో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నామని, వచ్చి సంతకం చేయమని రెండుసార్లు మనిషిని పంపాడు. గున్నయ్య రెండుసార్లూ ఆ మనిషిని గుమ్మంలోంచే తిప్పి పంపాడు.

తనూజ ముందు ఆసుపత్రికి వెళ్లింది. డయాలసిస్ టెక్నీషియన్ త్రినాథ్‌ను ఒకటే అడిగింది. రేపు మిషను ఎక్కకపోతే గున్నయ్యకు ఏమవుతుంది?

"మావకి ఒంట్లో నీరు దిగదు. ఆదివారం నాటికి ఆయాసం మొదలవుతాది. సోమారం దాకా ఉంటే గొప్పే," అన్నాడు త్రినాథ్.

అక్కణ్నించి గణపతిరావు జీడి ఫ్యాక్టరీకి వెళ్లింది. ఆయన ఆఫీసు గదిలో కూర్చుని జీడిపప్పు నములుతున్నాడు.

"ఏటమ్మా, మీ పేపరోల్లకి మగపిల్లలు దొరకడం నేదేటి?"

"వాళ్లు మీ దగ్గర టీ తాగడానికొస్తారు కదండీ. నాకు టీ అలవాటు లేదు. గున్నయ్య ఎక్కడున్నాడు?"

"నన్నడుగుతావేటి? మొగుడూ పెల్లాం తగువాడుకుని ఉంటారు. సోమారం నాటికి వచ్చీత్తాడులే."

"సోమవారమనే ఎందుకండీ?"

గణపతిరావు నమలడం ఆపాడు. "పనుంది, ఎల్లమ్మా," అన్నాడు.

ఆమె గేటు బయటే నిలబడి ఆ మాట పుస్తకంలో రాసుకుంది. సోమవారం సంతకం పెట్టాలంటే గున్నయ్య సోమవారానికి బతికుండాలి. బతికుండాలంటే శుక్రవారం ఎక్కడో ఒకచోట మిషను ఎక్కించాలి.

ఆమె పుస్తకం మూసేలోగా డెస్కు ఇన్‌ఛార్జి రవికుమార్ ఫోన్ చేశాడు.

"గణపతిరావుగారు ఇప్పుడే మాట్లాడారు. ఆ వార్త మనం వేయడం లేదు. భార్య చెప్పిన మాట తప్ప ఆధారం లేదు."

"ఆధారం తెస్తాను సార్."

"వద్దంటున్నాను తనూజా."

"వినబడింది సార్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆమె ఫోనులో ఒక పాత ఫొటో ఉంది. ఏడాది కిందట ఆసుపత్రిలో మిషన్లు పాడైన వార్త కోసం తీసింది. ఆ రోజు గున్నయ్య, "మొకం వద్దు తల్లీ, సెయ్యి తీసుకో," అన్నాడు. సూదులు గుచ్చడానికి వీలుగా మొదట ఎడమచేతి నరానికి ఆపరేషను చేశారు. అది మూసుకుపోతే కుడిచేతికి చేశారు. మోచేతి కింద నరం రెండుచోట్ల నిమ్మకాయంత ఉబ్బి ఉంది. ఆ రెండు ఉబ్బుల మధ్య 'సూరమ్మ' అని పచ్చబొట్టు.

మిషను మీద ఉన్న మనిషి ముఖానికి మాస్కు వేయవచ్చు. రాయించే పేరు మార్చవచ్చు. చేయి మాత్రం నాలుగు గంటలూ దుప్పటి బయటే ఉండాలి.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి తనూజ ఆసుపత్రి వరండాలో ఉంది. రోగుల వెంట వచ్చినవాళ్లు అక్కడ టిఫిన్ క్యారేజీలు పెట్టుకుని కూర్చుంటారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతపు మనుషులు మిషను ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడికి వెళతారు. పలాసలో చోటు లేకపోతే టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ, ఒడిశాలోని బరంపురం. వాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తనూజ వరండాలోవాళ్ల చేత ఫొటోను ఆ గ్రూపులో పెట్టించింది. 'ఈ చేయి మీ పక్క బెడ్డు మీద ఉందా? చూసి చెప్పండి' అని, తన నంబరూ కింద రాసింది.

పది గంటల యాభై నిమిషాలకు ఫోన్ వచ్చింది. చేసింది డొంకూరుకు చెందిన ఉషారాణి. తల్లిని డయాలసిస్‌కు బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ఓలప్పా, ఆ సెయ్యి మా అమ్మ పక్క బెడ్డు మీదే ఉంది. కాగితంలో బాబూరావని రాసినారు. సెయ్యిమీద సూస్తే సూరమ్మ. నర్సులకి తెలుగు సదవడం రాదు కదా, ఆలకేటి తెలుస్తాది? బయట ఇద్దరు మగోల్లు కాపలా ఉన్నారు."

"మిషను ఎప్పుడు పెట్టారు?"

"పదిన్నరకి."

రెండున్నర వరకు అతన్ని ఎవరూ కదల్చలేరు. తనూజ ఎస్సైకి ఫోన్ చేసింది. ఒడిశా మా పరిధి కాదన్నాడు. ఆ మాట అన్న టైము కూడా పుస్తకంలో రాసుకుంది. ఉషారాణికి ఒడియా వచ్చు. అక్కడి పోలీసులకు ఆమే ఫోన్ చేసింది. తనూజ, సూరమ్మ పదకొండు ముప్పై అయిదుకు పలాసలో రైలెక్కారు. ఒంటి గంటా ఇరవైకి ఆసుపత్రి మెట్లెక్కారు.

డయాలసిస్ గది తలుపు దగ్గర ఇద్దరు మగవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. ఒకడు లేచి సూరమ్మకు అడ్డం నిలబడ్డాడు.

"ఎవలమ్మా నువ్వు?"

"లోపల మిషను మీదున్న సెయ్యిమీద రాసుంది. ఎల్లి సదువుకో."

వాడు ఆమె భుజం పట్టుకున్నాడు. తనూజ ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టింది. "ఇంకోసారి పట్టుకోండి. ముఖం సరిగ్గా పడలేదు," అంది. వాడు చేయి తీసేశాడు. సూరమ్మ లోపలికి వెళ్లింది.

గున్నయ్య కళ్లు తెరిచి చూశాడు. మాస్కు ఆమే తీసింది.

"సంతకం పెట్టినావేటి?"

"నేదే."

"అరవనేకపోనావా?"

"అరిస్తే మిషను తీయించేత్తామన్నారు. అరవనేదు. సోమారం సంతకానికి ఒప్పుకోకపోతే మిషను ఉండదని నిన్నన్నారు. ఉండకపోతే మానె, తోట కాడ పాతీండి అన్నాను. దానికి ఆలే బయపడి తీసుకొచ్చినారు."

సూరమ్మ చీర కొంగుతో అతని నుదురు తుడిచి, బెడ్డు పక్కన కింద కూర్చుంది.

పోలీసులు ఒకటీ యాభైకి వచ్చారు. కాపలావాళ్లిద్దరినీ జీపెక్కించారు. ఇద్దరి జేబుల్లోనూ గణపతిరావు ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులున్నాయి. తనూజ కార్డులకు ఫొటోలు తీసుకుంది. సాయంత్రం ఆరింటికి వార్త పంపింది.

"ఆయన పేరు తీసేసి మళ్లీ పంపు," అన్నాడు రవికుమార్.

"ఆధారం అడిగారు కదా సార్. రెండు కార్డులు, ఒక వీడియో పంపాను. తీసేదేమీ లేదు."

శనివారం పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. గణపతిరావు పేరు లేదు. సోమవారం తనూజ, సూరమ్మ ఆ నాలుగు లైన్లూ, కార్డుల ఫొటోలూ పట్టుకుని పలాస స్టేషనుకు వెళ్లారు. ఎస్సై రేపు రమ్మన్నాడు.

"బుదారం కూడా రేపన్నావు బాబూ," అంది సూరమ్మ. "మా ఆయినకి రేపు మిషను. నాను రాలేను. ఇయ్యాల రాయి."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా లేవలేదు. నాలుగు ముప్పై అయిదుకు ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి వచ్చింది. నిందితుల జాబితాలో మొదటి పేరు గణపతిరావు.

ఫిబ్రవరి 18, మంగళవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు గున్నయ్య పలాసలో నాలుగో నంబరు బెడ్డు మీద పడుకుని కుడిచేయి చాపాడు. త్రినాథ్ మిషను ఆన్ చేశాడు.