ఆ రంగు మా దగ్గర లేదండీ

"ఫోన్లో కబుర్లు చెప్పడం కూడా ఉద్యోగమేనటమ్మా!" అని మా అత్తగారు వరండాలో పక్కింటావిడతో అంటున్నారు. నేను మంచం మీది ఉతికిన బట్టల గుట్టను మూలకు నెట్టి, కెమెరాలో పడేంత మేర గోడ ఖాళీ చేసుకుంటున్నాను. ఆ గోడే నా ఆఫీసు.

నేను కౌన్సెలర్‌ని. అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలిగా" అన్నారు మా ఆయన. ఆ ఎవరో ఒకరు ఎవరని మా ఇంట్లో ఎవరూ అడగరు. ఇప్పుడావిడ లేచి ఇల్లంతా తిరుగుతున్నారు. క్లినిక్‌లో నా గది మాత్రం రెండేళ్లుగా ఖాళీగానే ఉంది.

అయినా నిజం ఒప్పుకోవాలి. ఆన్‌లైన్లో నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది ఆ క్లినిక్ మెట్లు ఎక్కేవాళ్లే కాదు. ఒక నర్సు డ్యూటీ మధ్యలో ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంది. ఒకమ్మాయి కెమెరా ఆపేసి టైపు మాత్రమే చేస్తుంది. ఎవరి వీలు వాళ్లది. నేను పట్టుబట్టేది ఒక్క ప్రశ్నకే: "గదిలో మీరొక్కరేనా?"

కర్టెన్ల కొట్టుకి ఇంటి నుంచే ఫోన్లో ఆర్డర్లు తీసుకునే ఒకావిడతో ఒక ఏర్పాటు కూడా చేసుకున్నాను. భర్త గదిలోకి వస్తే "ఆ రంగు మా దగ్గర లేదండీ" అంటుంది. ఇక నేను కొనడానికొచ్చిన మనిషిని. ఒకసారి ఆ మహానుభావుడు పది నిమిషాలు కదల్లేదు. అసలు లేని ఇంటికి ఆరు కిటికీల కొలతలిచ్చేశాను. ఆయన వెళ్లాక ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

పోయిన వారం ఆవిడ గుట్టు విప్పింది. వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. ఒకటో తారీకున పాపను తీసుకుని వెళ్లిపోతుంది. భర్తకు తెలిస్తే గడప దాటనివ్వడు.

ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన "అయితే మీ కర్టెన్లావిడ ఒకటో తారీకున చెక్కేస్తోందన్నమాట" అన్నారు.

"తలుపు దగ్గర నిలబడి విన్నారా?"

"నా ఇంట్లో నేను నడవాలన్నా నీ పర్మిషన్ కావాలా? సీరియల్ కంటే బాగుందిలే."

"పాపం ఆ మొగుడు!" అన్నారు అత్తగారు. రేపు వరండాలో ఈ మాట ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు.

తప్పు నాదే. చెప్పింది సరిగ్గా విన్నానా లేదా అని వాళ్ల మాటనే తిరిగి చెప్పడం మా వృత్తిలో అలవాటు. "ఒకటో తారీకున పాపతో బయల్దేరుతున్నారు" అని నేనే పైకి అన్నాను. ఇయర్‌ఫోన్లు ఆవిడ గొంతును దాచాయి కానీ నా గొంతును దాచలేదు. ఆ గదికి గడియ ఊడి ఏడాదైంది. బిగించమంటే మా ఆయన "మన ఇంట్లో మనకి గడియెందుకే?" అన్నారు. అప్పుడది నాకు ప్రేమలాగే వినిపించింది.

ఇవాళ మళ్లీ ఆవిడ వంతు. ఎలా చెప్పాలో తెలియక వారమంతా నలిగిపోయాను.

"గదిలో మీరొక్కరేనా?"

"ఒక్కదాన్నేనండీ. బస్సు టిక్కెట్లు కూడా..."

మా ఆయన తలుపు తోసుకుని వచ్చారు. చార్జర్ కోసమని సైగ చేశారు. తీసుకున్నారు కానీ వెళ్లలేదు. బట్టల గుట్ట పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచుకున్నారు.

"ఆ రంగు మా దగ్గర లేదండీ" అన్నాను.

తెర మీద ఆవిడ నా ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"గదిలో మీరొక్కరే కాదా అండీ?" అంది మెల్లగా.

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఈసారి చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

"కాదండీ. పోయిన వారం కూడా కాదు. మా ఇంట్లో విన్నారు. తప్పు నాది. మీరు తేదీ మార్చుకోండి."

మా ఆయన తలెత్తారు.

"మార్చుకుంటాను," అంది ఆవిడ. "మరి మీరో?"

"పావుగంట ఆగండి. గడియ ఉన్న గది నుంచి ఫోన్ చేస్తాను."

బట్టల గుట్ట ఆయన పక్కనే వదిలేసి, క్లినిక్‌లో నా గది తాళంచెవి తీసుకున్నాను. వరండాలో చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు అడిగారు.

"ఇప్పుడెక్కడికే?"

"ఉద్యోగానికి, అత్తయ్యా."