గంగాళంలో నానిన వక్త

గురువారం మీటింగుకి అతిథి వక్తని బుధవారం పొద్దున్నే నానబెట్టాలి. నానకుండా వచ్చిన మనిషి నలభై నిమిషాలైనా మైకు వదలడు. నానినవాడు ఇరవై నిమిషాలకల్లా మెత్తబడి కూర్చుంటాడు. పాలకొల్లు మిత్రసేవా క్లబ్బులో ఈ కిటుకు తెలిసింది పేర్రాజు మాస్టారొక్కరికే.

పద్నాలుగేళ్ళుగా వక్తల్ని ఏరి తెచ్చేది ఆయనే. కంటి డాక్టర్లొచ్చారు, కొబ్బరి తోటల నిపుణులొచ్చారు, ఒకసారి తుఫాను కూడా వచ్చింది. అది మర్యాదగా మాట్లాడి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయింది. అందరూ మాస్టారి పెరటి గంగాళంలో నానినవాళ్ళే.

ఈ బుధవారం గంగాళంలో మాస్టారే కూర్చుని ఉన్నారు. రేపటి వక్త ఆయనే మరి. క్లబ్బు అధ్యక్షుడు సత్తిరాజు ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. "వచ్చే ఏడు నువ్వే మాట్లాడాలిరా" అని ఏడాది కిందటే మాటిచ్చాడు.

విషయం, పాము కరిస్తే ముందు ఆస్పత్రి. యాభై రెండేళ్ళ కిందట మాస్టారి అక్క మంగతాయారుని గడ్డిమేటు దగ్గర పాము కరిస్తే, మంత్రం వేసేవాడి ఇంటికి మోసుకెళ్ళారు. అక్కడే పోయింది. ఆవిడకి పంతొమ్మిది, ఈయనకి పది. తల్లిలేని తమ్ముడికి తలంటి పోసి, పైటతో తుడిచి పెంచిన మనిషి. ఆ అక్క గురించి నలుగురిలో ఒక్కసారైనా చెప్పకుండా పోతానేమో అని మాస్టారి దిగులు.

మెడదాకా నీళ్ళలో కూర్చుని ఆయన ఉపన్యాసం వల్లె వేస్తున్నారు. అన్న ప్రతి మాటా నీళ్ళలోకి దిగుతోంది. నీళ్ళు మెల్లగా అక్క ఒంటి పసుపు రంగుకి తిరుగుతున్నాయి. ఒక్క మాట మాత్రం గొంతు దాటడం లేదు. అది ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాటలేదు.

అంతలో సత్తిరాజు పెరట్లోకి వస్తాడు. వెనక సూటు వేసుకున్న పెద్దమనిషి. పేరు కోదండం అట.

"లేరా పేర్రాజూ. రూలు చూశాను. అతిథంటే బయటోడై ఉండాలంట. నువ్వు లోపలోడివి కదా."

"మరి మాటిచ్చావు కదరా."

"ఇచ్చాను. తిరిగి తీసుకోవట్లేదు కదా. మనిషినే మారుస్తున్నాను. ఆ నీళ్ళు మాత్రం పారబొయ్యకు."

నమ్మించి నట్టేట ముంచడం అందరికీ తెలిసిందే. ఇక్కడ నీళ్ళలోంచి లేపి మరీ ముంచారు. కోదండం గారు సూటుతోనే గంగాళంలోకి దిగి, "నీళ్ళు బాగున్నాయండి" అంటారు. మాస్టారికి ఒళ్ళంతా మండుతోంది. అయినా పద్నాలుగేళ్ళ అలవాటు, వెళ్ళి అతిథికి తువ్వాలు తెచ్చిస్తారు.

గురువారం కోదండం గారు మైకు ముందు "మా అక్క మంగతాయారు" అని మొదలుపెడతారు. గడ్డిమేటు చెబుతారు, మంత్రగాడి గుమ్మం చెబుతారు. మొదటి వరసలో కూర్చున్న మాస్టారికి తన కడుపులోంచి ఒక్కొక్కటే ఎవరో తీసి పంచుతున్నట్టుంది. పదకొండో నిమిషంలో తలుపు తెరుచుకుని అక్క లోపలికి వస్తుంది. ఇంకా పంతొమ్మిదేళ్ళే.

నేరుగా కోదండం గారి దగ్గరికి వెళ్ళి పైటతో తల తుడుస్తుంది.

"ఎంత తడిసిపోయావురా తమ్ముడూ."

మిగిలిన నీళ్ళని సత్తిరాజు గంగాళంతో సహా హాల్లోకి తెప్పించాడు. గ్లాసుల్లో పోసి సభ్యులకి పంచి, ముందు తనే తాగుతాడు. తాగిన ప్రతివాడి తలా తడుస్తోంది. నలభైమందీ తలా ఒకసారి "మా అక్కే" అంటారు. మంగతాయారు ఓపిగ్గా ఒక్కొక్కరి తలా తుడుచుకుంటూ వస్తోంది. మాస్టారి గ్లాసు దగ్గరికొచ్చేసరికి నీళ్ళు అయిపోతాయి.

ఆయన తల వంచుకుని ఎదురు చూస్తారు. అక్క చెయ్యి జుట్టు మీద ఆగుతుంది.

"మీది పొడిగానే ఉందండీ," అంటుంది, పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోతుంది.

మీది అంది. అండీ అంది. మాస్టారు లేచి, ఎవరి మొహమూ చూడలేక ఖాళీ గంగాళంలోకి చూస్తారు. అడుగున పాము చుట్ట చుట్టుకుని ఉంది.

"ఏరా చిన్నోడా, పెద్దోడివైపోయావే," అంటుంది.

ఆ హాల్లో ఆయన్ని గుర్తుపట్టింది అదొక్కటే.

"గడ్డిలో చెయ్యి పెట్టింది నువ్వు. తను నిన్ను వెనక్కి లాగేసి తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ సంగతి మైకు దగ్గరాయన చెప్పలేదేం?"

"నేను నీళ్ళలో అనలేదు," అంటారు మాస్టారు. "అందుకే ఆయనకి తెలీదు."

"నాకు తెలుసుగా."

"మీది ఏ ఊరండి?"

"ఊరి బయటే."

"అయితే అతిథే," అని మాస్టారు గంగాళంలోకి చెయ్యి చాస్తారు. చాచి, ఒకసారి అక్క వైపు తిరిగి చూస్తారు. ఆవిడ నలభయ్యో తల తుడుస్తోంది. ఈసారి ఎవరూ ఆయన చెయ్యి వెనక్కి లాగడం లేదు.

పాము మోచెయ్యి మీదుగా పైకి పాకి, రెండు భుజాల మీదా నిండుగా పరుచుకుంటుంది. పద్నాలుగేళ్ళలో మాస్టారికి పడ్డ మొదటి శాలువా అదే. సభ్యులంతా లేచి చప్పట్లు కొడుతున్నారు.